హేమలత సాకిన నరం

గంగులప్ప మెడలోని గొట్టం మీద చెయ్యి వేసుకుని, "ప్లాస్టిక్కు నాకొద్దమ్మా. నా నరం కుప్పంలో పెరుగుతాండాది" అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పేశాడు. చెప్పి ఊరుకున్నాడా అంటే అదీ లేదు. డయాలసిస్ గదిలో పడుకున్న ప్రతి మంచం వైపూ తల తిప్పి, "మా పాపే సాకుతాండాది" అని గొప్పలు కూడా పోయాడు.

ఆ పాప, అంటే గంగులప్ప కూతురు హేమలత, మంచం పక్కనే నిలబడి ఉంది. తండ్రి వైపు చూడలేక, డాక్టరమ్మ వైపు అసలే చూడలేక, గోడకున్న క్యాలెండరు వైపు చూసింది. రెండువేల ఎనిమిది, మే నెల, బుధవారం.

గంగులప్పకు కిడ్నీలు చెడిపోయి ఏడాది దాటింది. పుంగనూరు పక్కనున్న పల్లె నుంచి వారానికి రెండుసార్లు బస్సెక్కి మదనపల్లెకు రావాలి, మిషను పక్కన పడుకుని ఒంట్లో రక్తమంతా శుభ్రం చేయించుకుని పోవాలి. అంత రక్తం పోనూ రానూ చేతిలో లావుపాటి రక్తనాళం ఒకటి కావాలి. ఊళ్లో దాన్నీ నరమనే అంటారు. డాక్టర్లు ఎడమ చేతిలో ఒకసారి, కుడి చేతిలో ఒకసారి ఉన్న నరాలనే కలిపి కుట్టి చూశారు. రెండూ గడ్డకట్టి మూసుకుపోయాయి. గత్యంతరం లేక మెడలో గొట్టం దించారు. మెడ గొట్టం ఎన్నాళ్లో ఉంచుకునేది కాదు. దాని వెంట చీమూ చలిజ్వరమూ వచ్చి, సూదులేసి తగ్గించడం అప్పటికే రెండుమార్లు అయింది.

డాక్టరమ్మ పేరు అంబిక. మంచి మనిషే కానీ కోపం ముక్కు మీద ఉంటుంది. హేమలతను వరండాలోకి పిలిచింది.

"నువ్వు చదువుకున్నదానివి గదమ్మా, ఈయనకు ఏం చెప్పి పెట్టినావు?"

"నేను అట్ల చెప్పలేదు మేడమ్."

"మరి నరం పెరుగుతాండాదని ఆయనకు కలొచ్చిందా? ఇదిగో సూడు, శనివారం బెంగుళూరు నుంచి సర్జన్ వస్తాడు. చేతిలో చర్మం కింద ప్లాస్టిక్ ట్యూబు వేస్తాడు. ఇప్పుడు జ్వరం లేదు కాబట్టి వేయొచ్చు. ఇది తప్పితే ఆయన మళ్లీ ఎప్పుడొస్తాడో నాకే తెలీదు. ఈలోపల ఇంకోసారి చీము పట్టిందంటే నేరుగా గుండెకు పోతుంది. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి ఏడిస్తే నేను చేసేదేమీ ఉండదు."

అట్లా చెప్పలేదన్నది అబద్ధం కాదు. పోనీ నిజమా అంటే నిజమూ కాదు. హేమలతను ఆ రెంటి నడుమా నిలబెట్టిన సంగతి ఏడాది కిందటిది.

ఆమె కుప్పంలో ఒక మెడికల్ కాలేజీ ల్యాబులో పరిశోధన చేస్తోంది. మనిషి చర్మంలో, ప్రతి వెంట్రుక కుదురు దగ్గరా, కొన్ని మూలకణాలు కదలకుండా కూర్చుని ఉంటాయి. వెంట్రుక ఊడితే మళ్లీ మొలిపించేవి అవే. ఇంకా ఒక్క పనికి కట్టుబడని కణాలు కాబట్టి బుజ్జగిస్తే వేరే పని కూడా నేర్చుకుంటాయి. వాటిని చర్మం నుంచి విడదీసి, పళ్లేల్లో పెట్టి, తగిన మందు కలిపిన ఎర్రటి నీళ్లు పోస్తూ వారాల తరబడి కాచుకుంటే, రక్తనాళాల గోడల్లో ఉండే కండరకణాలుగా మారతాయి. నాళం బిగిసేదీ సడలేదీ ఆ కండ వల్లే. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కండరకణాలు వేరు, నాళం వేరు. ఇటుక కాల్చినంత మాత్రాన ఇల్లు లేవదు. ఆ ఇల్లు లేచి మనిషి ఒంట్లోకి ఎక్కడానికి ఎన్నేళ్లు పడుతుందో ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు, కుప్పంలో హేమలత అసలే చెప్పలేదు.

ఏడాది కిందట, డయాలసిస్ మొదలైన కొత్తలో, గంగులప్ప పుంగనూరు బస్టాండులో ఎక్కిన బస్సు దిగేశాడు. "ఈ మిషను బతుకు నాకొద్దు, పోతే పోతాను" అని సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. భార్య మునెమ్మ ఏడ్చింది. కండక్టరు విజిలేశాడు. ఏం చెయ్యాలో తోచక హేమలత తండ్రి చెయ్యి పట్టుకుని, "నాయనా, మా ల్యాబులో మనిషి చర్మంలోంచే నరం కండ పెంచుతాండాం. కొన్నాళ్లు ఓపిక పట్టు సాలు" అంది. ఒక్కొక్క మాటా విడిగా చూస్తే నిజమే. గంగులప్ప ఆమె మొహంలోకి ఒకసారి చూసి, లేచి, బస్సెక్కాడు.

తర్వాత ఆయనే అడిగి మరీ కుప్పం వచ్చి, కాగితాల మీద వేలిముద్ర వేసి, చెవి వెనక చింతగింజంత చర్మం ఇచ్చి పోయాడు. ఇది పరిశోధనకే, వైద్యానికి కాదు అని ల్యాబు పెద్ద రామమూర్తి సారు తెలుగులో విడమరిచి చెప్పాడు. గంగులప్ప "ఊ" కొట్టాడు. ఏం విన్నాడో ఆయనకే తెలియాలి.

అప్పట్నించీ ఫోను. గంగులప్ప బతుకంతా పట్టుపురుగులు సాకినవాడు. ల్యాబు యవ్వారమంతా ఆయనకు పురుగుల భాషలోనే తెలుసు. "మేత తింటాండాయా?" అని అడిగేవాడు. కొత్త మందు పోసినప్పుడు కణాలు పెరగడం ఆపేస్తే, "జ్వరానికి పోయింటాయి లే, తలెత్తుకోని నిలబడింటాయి, కదిలించొద్దు" అనేవాడు. పురుగు పొర విడిచే ముందు మేత మానేసి పడుండడాన్ని ఆ పక్క జ్వరమనే అంటారు. హేమలత నవ్వుకుంటూ, "అవు నాయనా, జ్వరమే" అనేది. కాదని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అనుంటే సరిపోయేది. అనలేదు. ఆ ఫోను వచ్చిన రోజు ఆమెకు పని మీద కూడా మనసు బాగా నిలిచేది మరి.

ఆ బుధవారం సాయంత్రం పుంగనూరు బస్సులో ఆమె కాలుగాలిన పిల్లిలా సీటులో ఇటూ అటూ కదులుతూనే ఉంది. చివరికి అడిగేసింది.

"ట్యూబు వేయించుకుంటే ఏమైతాది నాయనా? ఒకపక్క అది ఉంటాది, ఒకపక్క ల్యాబులో పని జరుగుతాంటాది."

గంగులప్ప ఆమెను వింతగా చూశాడు. "నువ్వేనా ఈ మాటనేది? పురుగులింట్లో పుట్టినదానివేనా నువ్వు? ఒక పంట గూడు కట్టేదానికి సిద్ధంగా ఉంటే, ఇంకో పంట ఎవురన్నా ఇంట్లోకి తెస్తారా? దీని రోగం దానికి, దాని రోగం దీనికి. రెండూ పోతాయి. మొదటిది దించి, ఇల్లు కడిగి, సున్నం కొట్టినాంకనే గదా రెండోది."

"అది పురుగులకు నాయనా."

"నా ఒళ్లు మాత్రం ఇల్లు గాదా? నా పంట నీకాడ నడస్తాండాది. నడుమలో ఇంకోటి ఒంట్లోకి తెచ్చుకుంటే ఆడుండేది సస్తాది. నీ ఏడాది కష్టం గంగలో కలపమంటావా?"

ఆయన తన ప్రాణం కోసం మొండికేస్తున్నాడని హేమలత అనుకుంటోంది ఇన్నాళ్లూ. అబ్బే, ఆయన మొండికేస్తున్నది ఆమె కోసం. బస్సు కిటికీ బయట మల్బరీ తోటలూ టమేటా మడులూ వెనక్కి పోతూ ఉన్నాయి. ఆమెకు భయమేసింది. నిజంగా భయమేసింది.

ఇంట్లో విషయం విన్న మునెమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే తేల్చేసింది. "నువ్వు సెప్తేనే ఆ పొద్దు బస్సెక్కినాడు. మేము సెప్తే వింటాడా ఆయప్ప? నువ్వే సెప్పాల."

"ఎట్ల సెప్పేదిమా?"

"నాకేం తెలుసు. సదువుకున్నేది నువ్వు."

చెప్పలేదు. ఆ పూట గంగులప్ప రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు, ఆ ముఖం చూసి చెప్పలేకపోయింది. పొద్దున్నే పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం బస్సెక్కి పారిపోయింది. పారిపోవడమే అది, ఇంకో మాట లేదు.

గురువారం ల్యాబులో ఆమె రామమూర్తి సారుకు అంతా చెప్పుకుంది. సారు కళ్లద్దాలు తుడుచుకుంటూ విన్నాడు.

"పాడైపోయిందని చెప్పేయ్. బూజు పట్టింది, పారేసినాం అను. పంట పోతే ఆయనకు ఇంక అడ్డమేముంది?"

హేమలతకు ప్రాణం లేచొచ్చింది. ఎంత సుళువు! పురుగులకు రోగమొస్తే తట్టలతో సహా గుంటలో పూడ్చడం గంగులప్పకు కొత్త కాదు. ఒక పూట బాధపడతాడు, శనివారం ట్యూబు వేయించుకుంటాడు. సాయంత్రం ఫోను చేసి చెప్పేద్దామని గట్టిగా అనుకుంది.

కానీ ఆ రోజే గంగులప్ప కణాలకు ఆఖరి పరీక్ష. కణాలు కండగా మారినట్టు రంగులు వేసి చూస్తే ముందే తెలిసింది. తెలియాల్సింది, ఆ కండకు బిగిసే సత్తువ ఉందా అని. కణాలను మెత్తటి జున్నులాంటి పదార్థంలో కలిపి, గుండ్రటి బిళ్లలుగా పేర్చి, బిగించే మందు పోయాలి. నిజమైన కండే అయితే బిళ్ల తనంతట తాను ముడుచుకుంటుంది. పక్కనే కణాలు కలపని ఉత్త బిళ్లలు కొన్ని ఉంటాయి. అవి ముడుచుకోకూడదు. ఇంతకు ముందు వేరేవాళ్ల చర్మంతో చేసినప్పుడు ఎప్పుడూ సరిగా ముడుచుకోలేదు.

మందు పోసి ఆమె కుర్చీలో కూర్చోలేకపోయింది. కారిడార్లో తిరిగింది, టీ తెచ్చుకుని తాగడం మరిచిపోయింది, తలుపు తీసి చూసి మళ్లీ మూసింది. మధ్యాహ్నం దాటాక చూస్తే, ఉత్త బిళ్లలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. గంగులప్ప బిళ్లలు మాత్రం అంచుల నుంచి లోపలికి లాక్కుని, సగానికి సగం చిన్నవై, పళ్లెం నడుమ గట్టిగా కూర్చున్నాయి. ఒక్కటి కాదు, అన్నీ!

ఆ క్షణంలో ఆమె ఏం చేసిందంటే, చెప్తే మీరు నమ్మరు, ఫోను తీసి ఇంటికి చేసింది. "నాయనా! బిగుసుకున్నాయి నాయనా! నీవి అన్నీ బిగుసుకున్నాయి!" అని అరిచింది.

అవతల గంగులప్ప మెల్లగా, "అట్లనా. మంచిది పాపా" అని పెట్టేశాడు.

ఫోను ఇంకా చేతిలో ఉండగానే హేమలతకు సారు చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇప్పుడిక బూజు మాట ఏ నోటితో చెప్పాలి? తన నోరే తనకు శత్రువైపోయింది. మళ్లీ ఫోను చేద్దామని అంకెలు నొక్కింది, ఆపేసింది. ఆ రాత్రి హాస్టలు గదిలో పక్క మీద దొర్లడమే తప్ప నిద్రపోలేదు.

శుక్రవారం పొద్దున వాచ్‌మన్ వచ్చి, "మీ నాయన వచ్చుండాడమ్మా" అన్నాడు. చూస్తే గంగులప్ప. ఇస్త్రీ పంచె, ఉతికిన చొక్కా, మెడ చుట్టూ గొట్టం కనబడకుండా తువ్వాలు. చేతిలో తడిగుడ్డ చుట్టిన స్టీలు డబ్బా. పట్టుపురుగు గుడ్లు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తెచ్చేటప్పుడు ఎండ తగలకుండా అట్లాగే తెస్తారు. హేమలతకు ఆ డబ్బా చూడగానే సంగతి అర్థమైపోయింది.

"బస్సులో సెగ తగల్లేదులే పాపా. వి.కోటలో దిగి మళ్లీ తడిపినాను గుడ్డ. ఇయ్యి, మదనపల్లెకు పట్టుకోని పోతా. ఎట్లాగూ రేపు కోసే డాక్టరు వస్తాండాడు గదా, ప్లాస్టిక్కు బదులు దీన్నే పెట్టమందాం."

ఏం చెప్పమంటారు! ఆమె తండ్రిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. కాళ్లకు గుడ్డ తొడుగులు వేయించింది. పళ్లెం తీసి చూపించింది. గంగులప్ప వంగి, ఊపిరి బిగబట్టి, ఉత్త బిళ్లలనూ తన బిళ్లలనూ మార్చి మార్చి చూశాడు.

"ఈ చిన్నవి నావా?"

"నీవే నాయనా."

"ఇంతేనా?"

"ఇంతే."

"నరం యాడ?"

హేమలత పళ్లెం మూత పెట్టింది. "నరం లేదు నాయనా. ఇది కండ మాత్రమే. నరం గోడలో ఉండే కండ. దీన్ని గొట్టంగా చేసేది మాకు ఇంకా రాదు. వచ్చినా మనిషికి పెట్టేదానికి ఎన్నో ఏండ్లు పడతాది. ఇది నీ చేతికి కాదు. ఎప్పుడూ కాదు."

గంగులప్ప నడుం నిలబెట్టాడు. "నీకిది మొదుల్నించీ తెలుసునా?"

"తెలుసు."

"యాల సెప్పలా?"

"ఆ పొద్దు నువ్వు బస్సు దిగేసినావు. ఏదో ఒకటి సెప్పకపోతే నువ్వు సచ్చిపోతావని బయమేసింది."

"ఆ పొద్దు సరే. ఆ తర్వాత ఏడాదంతా?"

గంగులప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన జన్మలో కూతురి మీద గొంతు లేపి ఎరగడు. ఆ రోజు లేపాడు. "ఊరంతా సెప్పుకున్నానే! ఆసుపత్రిలో ప్రతి మంచానికీ సెప్పుకున్నానే! నా బిడ్డ నాకు నరం సాకుతాండాదని! అందరూ లోపల నవ్వుకునింటారు గదే!" అన్నాడు. పక్క గదిలోంచి రామమూర్తి సారు తొంగిచూసి, మళ్లీ లోపలికి పోయాడు. గంగులప్ప డబ్బా చంకన పెట్టుకుని, కాళ్ల తొడుగులతోనే బయటికి నడిచాడు.

కుప్పం బస్టాండులో ఆయన బెంచీ చివరన కూర్చున్నాడు. హేమలత వెనకే పోయి బెంచీ ఈ చివరన కూర్చుంది. ఎండ మండిపోతోంది. పుంగనూరు బస్సు వచ్చింది. ఆయన లేవలేదు. బస్సు పోయింది. ఆ పొద్దు పుంగనూరులో లాగే ఈ బెంచీ మీద కూర్చుని, మళ్లీ బస్సెక్కనంటే? ఈసారి ఏ మాట చెప్పి ఎక్కించాలి? చెప్పడానికి ఇక మాటలే మిగల్లేదు.

గంగులప్ప ఆమె వైపు తిరక్కుండానే అడిగాడు. "మరి ఆ బిగుసుకునేది? అది నిజమేనా, అదీ నా కోసరం సెప్పిందేనా?"

"అది నిజం నాయనా. నీ మీద ఒట్టు. ఇంతవరకు మా ల్యాబులో ఎవురివీ అంత గట్టిగా బిగుసుకోలా."

"ఎవురివీ?"

"ఎవురివీ."

గంగులప్ప "ఊ" అన్నాడు. డబ్బా మీది తడిగుడ్డ విప్పి పిండాడు. పిండి, మొహం తుడుచుకున్నాడు. ఎంతైనా పురుగులు సాకినవాడు. పంట బాగా వచ్చిందంటే, అది ఎవరికి పోయినా లోపల ఒక మూల సంతోషం ఆగదు. కోపం మాత్రం ఇంకా అట్లాగే ఉంది.

"అంటే పంట దించేసినట్టేనా?"

"దించేసినట్టే నాయనా."

"ఇంగ ఆడ నాది ఏమీ నడస్తా లేదు గదా? నేను ప్లాస్టిక్కు పెట్టించుకుంటే సచ్చేది ఏమీ లేదు గదా?"

"ఏమీ లేదు."

"అదేదో ముందే సెప్పింటే సున్నం కొట్టించుకోనుందును గదా" అని విసుక్కుని, ఆయన లేచాడు. మదనపల్లె బస్సు ఎప్పుడని కంట్రోలు గదిలో అడగడానికి పోయాడు. కూతురితో ఆ తర్వాత దారి పొడుగునా మాట్లాడలేదు. పలమనేరులో బస్సాగితే మాత్రం రెండు టీలు చెప్పాడు.

శనివారం ఆపరేషను అయింది. హేమలతా మునెమ్మా బయట కూర్చుని ఉన్నారు. కూర్చుని అనకూడదు, మునెమ్మ కూర్చుంది. హేమలత తలుపుకూ కిటికీకీ నడుమ తిరుగుతూనే ఉంది. అంబిక డాక్టరమ్మ బయటికి వచ్చి, మొదటిసారి నవ్వు మొహంతో, "బాగా పారుతోంది. రా, చెయ్యి పెట్టి చూడు" అంది.

గంగులప్ప ఎడమ చెయ్యి దిండు మీద ఉంది. కట్టు పక్కన చర్మం కింద ట్యూబు వంపు తిరిగి కనిపిస్తోంది. హేమలత వేళ్లు ఆనించింది. లోపల రక్తం జుమ్మని పరుగెత్తుతోంది. ఆ అదురు వేళ్ల నుంచి మోచేతి దాకా పాకింది. నాయన బతికాడు. ఆమె సంతోషించాలి. సంతోషించింది కూడా. కానీ అదే క్షణంలో, ఎక్కడో ఫ్యాక్టరీలో చేసిన ఆ ట్యూబు మీద ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. ఆ చోటు తనది. ఏడాది పొడుగునా ఎర్రనీళ్లు మార్చింది, ఆదివారాలు కూడా పోయి పళ్లేలు చూసింది, అర్ధాకలితో తలుపు తీసి తీసి చూసింది. ఎవరో ముక్కూ మొహం తెలియని రోగుల కోసమని పేపర్లలో రాసింది. ఆ రాసిందంతా వట్టిది, సాకింది ఈ చేతికే. ఏడుపు ముంచుకొచ్చి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. డాక్టరమ్మ తెల్లబోయింది. మునెమ్మ లోపలికి పరుగెత్తుకొచ్చింది.

గంగులప్ప కళ్లు తెరిచి కూతురి వైపు చూశాడు. శుక్రవారం నుంచి ఆమె వైపు సరిగా చూడటం అదే మొదటిసారి. చూస్తూ చూస్తూ ఉంటే ఆయన మొహంలో కోపమంతా మెల్లగా దిగిపోయింది.

"ఏమ్మే పాపా," అన్నాడు గొంతు తగ్గించి, "నువ్వు గూడా నమ్మింటివా?"

హేమలత ట్యూబు మీది చెయ్యి తియ్యకుండానే తల ఊపింది.